బడి వరండాలోకి చెట్టు తిరిగొచ్చిన దారి

సికింద్రాబాద్‌లో కొత్త హంగులు దిద్దుకుంటున్న ప్రైవేటు బడుల్లో మార్పు మొదట తరగతి గదిలో కాదు, గదుల మధ్య జాగాల్లో కనిపిస్తోంది. ఆఫీసు ముందు గోడకు పచ్చని కుండీలు వరసగా వేలాడతాయి. మెట్ల కింద దుమ్ముపట్టి ఉండే మూలలో చెక్క బల్లలు వేసి చదువుకునే చోటు చేస్తారు. లైబ్రరీ నడిమధ్య మాను ఆకారంలో పుస్తకాల అర లేస్తుంది. భోజనాల హాల్లో వెదురు తడికలు, కారిడార్లో గులకరాళ్ల బాట. ఈ పద్ధతిని డిజైనర్లు బయోఫిలిక్ డిజైన్ అంటున్నారు. మనిషికి ప్రాణమున్న వాటి మీద పుట్టుకతో ఉండే మమకారాన్ని లెక్కలోకి తీసుకుని లోపలి జాగాలను తీర్చడం దీని ఉద్దేశం.

ఆలోచన విదేశాల నుంచి దిగిందనే చాలామంది అనుకుంటారు. పేరు మట్టుకు అక్కడిదే. అసలు సంగతి వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే ఒక దారి మన వీధి అరుగు మీదకు పోతుంది, మరొకటి ఇదే ఊరి కంటోన్మెంటు బారకాసుల్లోకి. ఆ రెండు దారులూ చూశాక నాకు ఒక విషయం గట్టిగా అనిపించింది. గాలి, వెలుగు, నీడ బడి కట్టడంలోకి వచ్చింది అలంకారంగా కాదు. చాలాసార్లు వాటిని తెచ్చింది రోగం, ఉక్క, ఇరుకు. ఇప్పుడు జరుగుతున్న పునర్నిర్మాణాలను కూడా ఆ కొలతతోనే చూడాలి.

వీధిబడితో మొదలుపెడదాం. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ఏలుబడిలోని ప్రాంతంలో బడులెన్ని, చదివేవాళ్లెందరు అని జిల్లాల కలెక్టర్లను అడిగాడు. మరుసటి ఏడు బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ పంపిన జవాబు మనకు దొరికిన గొప్ప ఆధారం. అప్పటి బళ్లారి జిల్లాలో ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేది. 533 బడులు, 6,641 మంది పిల్లలు అని అతను లెక్క తేల్చాడు. అందులో 226 తెలుగు బడులు. ఆ పిల్లలు ఎలా చదువుకునేవారో కూడా రాశాడు. నేల మీద కూర్చుని, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. చేయి తిరిగాక బియ్యపు గంజి, బొగ్గుపొడి కలిపి పూసిన పొడవాటి చెక్కపలక మీద రాసేవారు. గంజి పట్టించి మడతలు పెట్టిన గుడ్డ మీద, తాటాకు మీద కూడా రాత నడిచేది. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పేవారు.

ఇసుక, తాటాకు, బొగ్గు, గంజి. బడిలోని సామగ్రి అంతా చుట్టుపక్కల దొరికేదే. బడి జరిగే చోటు కూడా అంతే. అయ్యవారి ఇంటి అరుగు, గుడి మండపం, ఊరి చెట్టు నీడ. వాటిలో వేటినీ బడి కోసమని ప్రత్యేకంగా కట్టలేదు. పదిమందీ వాడుకునే చోటే పొద్దున్న బడి, మధ్యాహ్నం దారినపోయేవాడి విశ్రాంతి, సాయంత్రం ఊరి కబుర్ల అడ్డా. తరగతి గది అంటూ వేరే లేదు కనుక ఉమ్మడి జాగా అనే సమస్యే లేదు. బడంతా ఉమ్మడి జాగాయే. రెండు మూడు వైపులా గోడ లేని అరుగు మీద కూర్చున్నవాడికి వెలుతురు కావాలని ఎవరూ డిజైన్ చేయనక్కర్లేదు.

దీన్ని చెబుతున్నప్పుడు మరోమాట దాచకూడదు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మందేనని కాంప్‌బెలే రాశాడు. అంటరానివారిగా ఊరు దూరం పెట్టిన ఇళ్ల పిల్లలకు ఆ అరుగు ఎక్కే వీలే లేదు. గాలికీ వెలుగుకూ గోడ అడ్డం పెట్టని చోట మనుషులకు అడ్డం పెట్టారు. నాలుగు గోడల మధ్య అందరికీ చోటిచ్చిన తర్వాతి కాలపు బడి ఈ ఒక్క కారణంతోనే దానికంటే పైమెట్టు మీద ఉంది. అందుకే పాతకాలపు బడిని తలచుకుని మురిసిపోవడం నాకు చేతకాదు. దాని గాలిని మాత్రం తీసుకోవాలని ఉంది.

ఈ ఇసుక పాఠం సముద్రం కూడా దాటింది. మద్రాసు ఎగ్మోరులోని అనాథ బాలుర ఆశ్రమానికి 1789 నుంచి పెద్దగా ఉన్న ఆండ్రూ బెల్ అనే మతాధికారి, దేశీ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలో అదే పద్ధతి పెట్టాడు. పిల్లలే పిల్లలకు నేర్పే ఏర్పాటూ చేశాడు. ఇంగ్లండు వెళ్లి 1797లో పుస్తకం అచ్చువేశాడు. అది మద్రాసు పద్ధతి అనే పేరుతో ఇంగ్లండు బడుల్లోకి పాకింది, అక్కడి పిల్లలు ఇసుక పళ్లేలలో అక్షరాలు దిద్దారు. ఇక్కడి నేల అక్కడి బడిలోకి వెళ్లిన తొలి సందర్భాల్లో అదొకటి.

ఇక రెండో దారి. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద వెలసిన సికింద్రాబాద్ ముందు ఒక సైనిక విడిది. ఇక్కడి బారకాసుల్లో సిపాయిలు క్రిక్కిరిసి ఉండటం, రక్తవిరేచనాలతో రాలిపోవడం పందొమ్మిదో శతాబ్దపు సైనిక రాతల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. యుద్ధంలో కన్నా పడకగదిలో ఎక్కువమంది పోతున్నారని తెలిసి బ్రిటిష్ ప్రభుత్వం 1859లో భారతదేశంలోని సైన్యపు ఆరోగ్యం మీద రాయల్ కమిషన్ వేసింది. 1863లో నివేదిక వచ్చింది. దాని వెనక ఫ్లోరెన్స్ నైటింగేల్ కష్టం ఉంది. లండన్‌లో మంచం మీద నుంచే ఆమె ఒక్కొక్క కంటోన్మెంటు నుంచి లెక్కలు తెప్పించి చదివింది. మనిషికి ఇంత చోటు, ఇంత గాలి, తాగడానికి మంచి నీరు, మురుగు పోయే దారి అని ఆమె పట్టుబట్టింది.

ఆ చర్చ తర్వాత కంటోన్మెంటు కట్టడాల తీరు గట్టిపడింది. ఎత్తైన కప్పు, ఎదురెదురుగా తలుపులు, గోడ పైభాగంలో చిన్న కిటికీలు, చుట్టూ లోతైన వరండా. బారకాసుకూ ఆసుపత్రికీ పనికొచ్చిన ఈ అచ్చే బడికీ పనికొచ్చింది. సోమసుందరం మొదలియార్ 1862లో మొదలుపెట్టిన బడి తర్వాత ఆరో నిజాం పేరుతో మహబూబ్ కాలేజీ అయింది. షికాగో వెళ్లకముందు 1893 ఫిబ్రవరి 13న వివేకానందుడు ప్రసంగించింది అక్కడే. సెయింట్ ఆన్స్ బడి 1871లో వచ్చింది. ఆ తరం బడుల్లో చదివినవాళ్లనెవరినైనా అడగండి. వాళ్ల మాటల్లో తరగతి గది తక్కువగానూ వరండా ఎక్కువగానూ వస్తుంది. డబ్బా విప్పుకున్నది అక్కడ. వాన తగ్గేదాకా పుస్తకాల సంచి గుండెకు హత్తుకుని నిలబడ్డది అక్కడ. హోంవర్కు చేయనందుకు మోకాళ్ల మీద కూర్చున్నదీ అక్కడే.

ఆ వరండా ఎలా పనిచేస్తుందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే మనం పోగొట్టుకున్నది ఏమిటో అందులో ఉంది. మన దగ్గర ఏప్రిల్ ఎండ సూటిగా గోడ మీద పడితే ఆ గోడ పొద్దంతా వేడిని తాగి మధ్యాహ్నం నుంచి గదిలోకి వదులుతుంది. వరండా ఉంటే ఎండ గోడను తాకదు. ఎదుట ఒక వేపచెట్టో కానుగచెట్టో ఉంటే వరండా దాకా వచ్చే గాలే చల్లబడి వస్తుంది. ఆ గాలి తలుపులోంచి గదిలోకి దూరుతుంది. నలభైమంది పిల్లల ఊపిరితో వేడెక్కిన గాలి పైకి లేచి, కప్పు కింద ఉన్న వెంటిలేటర్‌లోంచి బయటికి పోతుంది. షాబాద్ బండలు పరచిన నేల అడుగున ఉన్న మట్టి చల్లదనాన్ని పట్టి ఉంచుతుంది. చెట్టు, వరండా, గది, వెంటిలేటర్ అన్నీ కలిపి ఒకే యంత్రం. అందులో ఏ ఒక్కటి తీసేసినా మిగతావి సగం పనిచేస్తాయి.

అదే కాలంలో చలిదేశాల్లో మరో రకం ప్రయోగం జరిగింది. 1904లో బెర్లిన్ పక్కన షార్లొటెన్‌బుర్గ్‌లో బలహీనంగా, క్షయ బారిన పడేలా ఉన్న పిల్లల కోసం అడవిలో బడి పెట్టారు. పైన్ చెట్ల మధ్య పాఠం, భోజనం, నిద్ర. పిల్లలు ఒళ్లు చేశారు. ఆ పద్ధతి 1907 నాటికి లండన్‌కు పాకింది. 1930లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ డౌకర్ అనే ఆర్కిటెక్టు ఆ ఆలోచనకు అద్దాలూ కాంక్రీటూ తొడిగి, ఒక్కొక్క అంతస్తులో ఆరుబయట తరగతి ఉండేలా బడి కట్టాడు. క్షయకు మందు దొరికాక ఆ ఊపు తగ్గిపోయింది. రోగం పోవడంతో గాలి అవసరమూ పోయిందనుకున్నారు.

మన వైపు ఇదే పని రోగం వల్ల కాక విద్య మీద నమ్మకంతో మొదలైంది. 1901 డిసెంబరులో రవీంద్రనాథ్ టాగూర్ శాంతినికేతన్‌లో కొద్దిమంది పిల్లలతో చెట్ల కింద బడి తెరిచాడు. 1919లో ఆయన మదనపల్లెలో అనీబిసెంట్ స్థాపించిన కాలేజీకి వచ్చి కొన్నాళ్లున్నాడు. జనగణమనకు ఇంగ్లీషు అనువాదం రాసిందీ ఆ రోజుల్లోనే. కొన్నేళ్లకు అదే మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆ ఊరికి దగ్గర్లో, పెద్ద మర్రిచెట్టు ఉన్న లోయను చూసి బడికి తగిన చోటని ఎంచుకున్నాడు. 1930ల మొదట్లో జి.వి. సుబ్బారావు ప్రిన్సిపాల్‌గా అక్కడ రిషివ్యాలీ స్కూలు నిలదొక్కుకుంది. ఆ లోయ కరువు నేల. అక్కడి చెట్లు చాలావరకు బడివాళ్లు నాటి పెంచినవి. హైదరాబాద్‌లో 1961లో శాంతా రామేశ్వరరావు పెట్టిన విద్యారణ్య ఆ ఆలోచనను నగరం నడిబొడ్డున నిలబెట్టింది. అంత ఇరుకు సెంటర్లో చెట్లను అలాగే ఉంచి బడి నడపడం నా దృష్టిలో ఏ అవార్డుకూ తీసిపోదు.

తర్వాత ఏం జరిగిందో మనందరికీ తెలుసు. పిల్లలు పెరిగారు, స్థలం ధర పెరిగింది. ఇళ్లు బడులయ్యాయి, అపార్టుమెంటులాంటి కట్టడాలు బడులయ్యాయి. ఆటస్థలంలో కొత్త బ్లాకు లేచింది. నడుమ కారిడార్, అటూ ఇటూ గదులు ఉండే నమూనా వచ్చింది. చలిదేశంలో వెచ్చదనాన్ని లోపల దాచుకోవడానికి బాగా పనికొచ్చే నమూనా అది. మన దగ్గర అది పగలు కూడా ట్యూబులైటు వెలగాల్సిన చీకటి సొరంగంగా మారింది. వరండాలున్న పాత భవనాల్లో కూడా వరండాను గోడకట్టి స్టాఫ్ రూము చేశారు. పైన ఫాల్స్ సీలింగ్ వేసేసరికి వెంటిలేటర్లు మూసుకుపోయాయి. పిల్లవాడు పొద్దున్న బస్సు దిగిన దగ్గర్నుంచి సాయంత్రం బస్సు ఎక్కేదాకా ఆకు అనేదాన్ని తాకని రోజులు వచ్చాయి.

ప్రభుత్వం వైపు నుంచి మాత్రం వరండా పూర్తిగా మాసిపోలేదు. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్ బోర్డ్ పథకంలో ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, వాటి ముందు లోతైన వరండా అని రాశారు. ఎన్నో పల్లెల్లో మొదటి పక్కా బడి అదే. 2005 ప్రాంతంలో కబీర్ వాజ్‌పేయి బృందం విన్యాస్, యూనిసెఫ్ తోడ్పాటుతో బాలా అనే ఆలోచనను ముందుకు తెచ్చింది. భవనమే పాఠం చెప్పాలన్నది దాని సారం. తలుపు తెరుచుకునే చోట నేల మీద కోణాలు గీస్తారు. కిటికీ ఊచలు ఆకారాలు నేర్పుతాయి. గోడ నీడ గడియారమవుతుంది. చాలాచోట్ల అది గోడల మీద రంగుబొమ్మలకే కుదించుకుపోయింది. కానీ వరండానూ మెట్లనూ చెట్టు చుట్టూ గట్టునూ బడిలో భాగంగా చూడాలన్న ఎరుక మన ఇంజనీర్ల బల్లల మీదకు చేరింది అప్పుడే.

బయోఫిలిక్ అనే పేరు ఈలోగా తన దారిన తాను వచ్చింది. ఎరిక్ ఫ్రామ్ అనే మనస్తత్వవేత్త వాడిన బయోఫిలియా అనే మాటను చీమల శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్ 1984లో తన పుస్తకానికి పేరుగా పెట్టాడు. అదే ఏడాది రోజర్ ఉల్రిచ్ సైన్స్ పత్రికలో ఒక చిన్న వ్యాసం అచ్చువేశాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు తిరగేశాడు. సగంమందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగంమందికి ఇటుక గోడ. చెట్లు చూసినవాళ్లు సగటున ముప్పావు రోజు ముందే ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పిమందులూ తక్కువ తీసుకున్నారు. స్టీఫెన్ కెల్లర్ట్ వంటివారు 2008 నాటికి దాన్ని భవన నిర్మాణ పద్ధతిగా మలిచారు.

పిల్లల మీద కూడా పరిశీలనలు జరిగాయి. బార్సిలోనాలో 36 బడుల్లో 2,593 మంది పిల్లలను ఏడాదిపాటు గమనించారు. బడి చుట్టూ పచ్చదనం ఎక్కువున్న చోట పిల్లల్లో విషయాన్ని మనసులో పట్టి ఉంచే శక్తి మెరుగ్గా పెరిగింది. అమెరికాలోని ఇల్లినాయ్‌లో 94 మంది హైస్కూలు పిల్లలను మూడు రకాల గదుల్లో కూర్చోబెట్టారు. కిటికీ లేని గది, కట్టడాలు కనిపించే గది, చెట్లు కనిపించే గది. కాస్త విరామం ఇచ్చాక ఏకాగ్రత తేరుకుంది చెట్లు కనిపించిన గదిలోనే. విరామం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పాఠం జరుగుతున్నంతసేపు కాదు, పాఠం ఆగినప్పుడు చెట్టు పని చేసింది. అంటే ఇంటర్వెల్లో, భోజనాల వేళ, ఒక పీరియడ్‌కూ మరో పీరియడ్‌కూ మధ్య. మన బడుల్లో ఆ సమయాలన్నీ గడిచేది వరండాలో, మెట్ల మీద, నీళ్ల కుళాయి దగ్గర. ఖర్చు పెట్టాల్సింది అక్కడ.

తెలంగాణ ప్రభుత్వం 2022 మార్చి 8న వనపర్తిలో మన ఊరు - మన బడి ప్రారంభించింది. 26,065 బడులు, 7,289 కోట్ల రూపాయలు, పన్నెండు రకాల పనులు. జంటనగరాల్లో దాన్ని మన బస్తీ - మన బడి అనేవారు. నీళ్లున్న మరుగుదొడ్లు, కరెంటు, తాగునీరు, బల్లలు, ప్రహరీ, హైస్కూళ్లకు డైనింగ్ హాలు అందులో ఉండేవి. ఇవన్నీ చెట్టుకన్నా ముందు రావాల్సినవే. ఆడపిల్ల నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా ఉగ్గబట్టుకునే బడిలో మొక్కల గోడ గురించి మాట్లాడటం అన్యాయం. అయినా ఆ పన్నెండులో నీడ అనేది విడిగా ఒక పనిగా లేకపోవడం నాకు వెలితిగానే ఉంది. డైనింగ్ హాలు కడుతున్నప్పుడు కిటికీ ఏ వైపు పెట్టాలి, దాని ముందు ఏ చెట్టు ఉండాలి అని అప్పుడే నిర్ణయిస్తే పెద్దగా ఖర్చు పెరగదు. కట్టాక మార్చాలంటే చాలా అవుతుంది.

సికింద్రాబాద్ బడి ఏదైనా ఇప్పుడు తన ఉమ్మడి జాగాలను మార్చుకోవాలనుకుంటే మొదటి పని కొనడం కాదు, విప్పడం. మూసిన వెంటిలేటర్ తెరవాలి. వరండాకు అడ్డంగా కట్టిన గోడలో కొంతైనా తీసి జాలీ పెట్టాలి. చీకటి కారిడార్ చివర గోడ ఉంటే అక్కడ కిటికీ పెట్టాలి. సిమెంటు పరచిన ఆవరణలో చెట్టు మొదలు చుట్టూ మట్టి కనిపించేలా పగలగొట్టి, పిల్లలు కూర్చునే ఎత్తులో గట్టు కట్టాలి. ప్లాస్టిక్ పచ్చిక పరచడం మాత్రం వద్దు. ఎండలో అది మట్టికన్నా, మామూలు గడ్డికన్నా చాలా ఎక్కువగా కాగుతుంది, పిల్లల అరికాళ్లకు ఆ సంగతి ముందు తెలుస్తుంది.

చెట్ల ఎంపికలో తొందర మంచిది కాదు. ఈ ఊళ్లో పాత రోడ్ల పక్క కనిపించే నిద్రగన్నేరు గొప్ప నీడ ఇస్తుంది, కానీ దానికి విశాలమైన చోటు కావాలి. తురాయి కొమ్మ గాలివానకు విరుగుతుంది, పిల్లలు తిరిగే చోటికి తగదు. కానుగ, వేప మన ఎండకు తట్టుకుంటాయి. వాటి ఆకు, పువ్వు, కాయ సైన్సు పాఠంలోకి వస్తాయి, వాటి మీదికి పక్షులూ వస్తాయి. చోటే లేని బడిలో వరండా అంచున తీగ పాకించినా ఎండ ఆగుతుంది.

నీటి సంగతి వేరే చెప్పాలి. బయోఫిలిక్ డిజైన్ పుస్తకాలు నీటి సవ్వడి ఉండాలంటాయి, చిన్న ఫౌంటెన్లు, తామర తొట్లు సూచిస్తాయి. మలేరియా సూక్ష్మజీవిని దోమ పొట్టలో రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, ఈ ఊరి పక్కనే బేగంపేటలో. ఆ భవనం ఇప్పటికీ ఆయన పేరుతో ఉంది. నిలవ నీరు ఏమి చేస్తుందో ప్రపంచానికి తెలియజేసిన ఊళ్లో, డెంగీ ప్రతి వానాకాలం పలకరించే రోజుల్లో, బడిలో తొట్టి పెడితే గప్పీ చేపలు వేయాలి, వారం వారం కడగాలి. అంత చేయలేకపోతే పెట్టకూడదు. కుండీల కింద పళ్లేలకూ ఇదే మాట.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న నీళ్లెవరు పోస్తారనేది. తెలంగాణలో బడులకు ఏప్రిల్ నాలుగో వారం నుంచి జూన్ 11 దాకా సెలవులు. మొక్కకు నీళ్లు అత్యవసరమైన ఆ ఏడు వారాలూ బడిలో పిల్లలు ఉండరు, టీచర్లు ఉండరు. మొక్కలు పెంచే ప్రభుత్వ కార్యక్రమం హరితహారంలో ఉత్సాహంగా నాటిన మొక్కలెన్నో బడి ఆవరణల్లో ఎండిపోయింది ఇందుకే. నాటడం జూన్‌లో మృగశిర వానలు పడ్డాక మొదలుపెడితే మొదటి ఎండాకాలం వచ్చేసరికి వేరు కొంత దిగి ఉంటుంది. మొక్క పక్కన సన్నటి మట్టికుండ మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెడితే నీరు కుండ గోడలోంచి ఊరి వేరుకు అందుతుంది, కొన్ని రోజులకొకసారి నింపితే చాలు. ఆ నింపే మనిషికి, అతను వాచ్‌మన్ అయినా ఆయమ్మ అయినా, సెలవుల నెలలకు జీతం ఉండాలి. డిజైనర్‌తో ఒప్పందం రాసుకునేటప్పుడే మొదటి మూడు ఎండాకాలాల నీళ్ల ఖర్చు, ఆ మనిషి జీతం అందులో రాయించుకోవాలి.